ఎడమ ముందు చక్రం మీద బరువు

నేను నలభై ఒక్క ఏళ్లు రేకు కొట్టాను. మొదటి ముప్పై ఏళ్లు ఆదోనిలో లారీ క్యాబిన్లు, జీపు బానెట్లు, గుద్దుకున్న బస్సుల మూతులు. చివరి పదకొండేళ్లు సూపర్ కార్లు. ఈ మాట చెబితే ఆదోనిలోనే సగం మంది నమ్మరు, కాబట్టి బయటివాళ్లు నమ్మకపోయినా నాకు బాధ లేదు. పోయిన ఏడాది నా కుడి భుజం ఇక పైకి లేవనని చెప్పేసింది. డాక్టరు కూడా దాని పక్షమే మాట్లాడాడు. సుత్తి పక్కన పెట్టాను.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా పిల్లలు వస్తున్నారు. ఫోన్లో వీడియోలు చూసి వస్తారు. వీడియోలో అల్యూమినియం రేకు మూడు నిమిషాల్లో చక్రం మీద కప్పే ఫెండరు అయిపోతుంది. నాకు పదకొండు రోజులు పట్టేది. మిగిలిన రోజులన్నీ ఎక్కడికి పోయాయో ఆ వీడియో తీసినవాణ్నే అడగాలి. అలాంటి పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, మేస్త్రీని ఎప్పుడయ్యాను లాంటివి రాయను. పని ఎలా ఉండేదో చెబుతాను, నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఆ తప్పు వల్ల నష్టపోయింది నేను కాదు. ఎమ్మిగనూరు ఈరన్న.

ఇద్దరే పట్టే బండి

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఒక పాత జిన్నింగ్ మిల్లు ఉంది. సగం షెడ్లలో పత్తి ఆడుతుండేది, సగం ఖాళీ. మిల్లు సావుకారి కొడుకు కిరణ్‌ను మేం చిన్న సావుకారి అనేవాళ్లం. పూణేలో కార్ల డిజైను చదివి వచ్చి, ఆ ఖాళీ షెడ్డులో చేత్తో కార్లు చేస్తానన్నాడు. పెద్ద సావుకారి మొదటి బొమ్మ చూసి ఒకటే అడిగాడు.

"దీంట్లో ఎన్ని పత్తి బేళ్లు పడ్తాయిరా?"

"బేళ్లు కాదు నాయనా. ఇద్దరు మనుషులు."

"ఇద్దరేనా?" అని ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ షెడ్డు వైపు రాలేదు.

పదకొండేళ్లలో ఏడు కార్లు చేశాం. రెండు సీట్లు, ఇంజిను మనిషి వీపు వెనక. కారు ఎత్తు నా నడుము దాకా. నేలకూ బండి పొట్టకూ మధ్య నాలుగు వేళ్ల సందు. ఇంజిను మాత్రం విదేశం నుంచి చెక్కపెట్టెలో వచ్చేది, మిగిలిందంతా మా చేతిపనే. గొట్టాలతో కట్టిన చాసిస్ ఈరన్నది, పైన అల్యూమినియం ఒళ్లు నాది, లెక్కలు ఇంజినీరు వాణి మేడమ్‌వి. నిలబడ్డ చోటు నుంచి మూడున్నర సెకన్లలో వంద స్పీడు అందుకునేది. ఆదోని చుట్టుపక్కల ఆ స్పీడుతో పోయే చోటు ఎక్కడా లేదు. గేటు దాటితే స్పీడ్ బ్రేకర్, అది దాటితే గేదెలు. నాలుగు వేళ్ల సందున్న బండి ఆ స్పీడ్ బ్రేకర్ ఎక్కితే దాని మీదే కూర్చుంటుంది. అందుకని జిల్లాలో అన్నిటికంటే వేగంగా పోయే బండిని ఎప్పుడూ లారీ మీద ఎక్కించి పంపేవాళ్లం. మద్రాసు వైపు ఉన్న రేసు ట్రాకుకు పోయి అక్కడ పరిగెత్తేది.

పక్క షెడ్డులో పత్తి ఆడే రోజుల్లో దూది ఎగిరి వచ్చి తడి రంగు మీద కూర్చునేది. మొదటి కారుకు ఎర్ర రంగు కొట్టి మర్నాడు చూస్తే ఒళ్లంతా నూగు. చిన్న సావుకారి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "దీనికి గడ్డం గీయాల ఖాజా బాయ్" అన్నాడు నాతో. మొత్తం గీకి మళ్లీ కొట్టాం. అప్పటి నుంచి పత్తి కాలం అయిపోయాకే రంగు.

టీ కొట్టు దగ్గర జనం అడిగే ప్రశ్నలు మాత్రం పదకొండేళ్లూ మారలేదు. "లీటరుకు ఎంత ఇస్తాది?" అని ఒకరు. "లగేజీ యాడ పెడ్తారు?" అని ఇంకొకరు. ఇవ్వదు, పెట్టరు అని చెబితే నా వైపు జాలిగా చూసి టీ తాగేవాళ్లు.

చేతికి గుడ్డ

మా తాత, మా నాన్న పీర్లు చేసేవాళ్లు. పీర్ల పండుగకు చుట్టుపక్కల ఊళ్లలో ఎత్తే పీర్లకు ఇత్తడి రేకు, వెండి రేకు కొట్టడం మా ఇంటి పని. ఇసుక నింపిన తోలు సంచి మీద రేకు పెట్టి, కొయ్య సుత్తితో మధ్య నుంచి అంచుకు కొట్టుకుంటూ పోతే రేకు సాగి కడుపు వస్తుంది. సూపర్ కారు ఫెండరు చేసేది కూడా అచ్చంగా అలాగే. ఈ సంగతి చెబితే పూణే చదువు చదివిన చిన్న సావుకారి నమ్మలేదు. నేను ఆయన ముందే సంచి వేసి, అరగంటలో దీపపు చిప్ప చేసి చేతిలో పెట్టాను. మర్నాడు పనిలోకి తీసుకున్నాడు.

ముందు వడ్రంగి కారు ఆకారానికి కొయ్య చట్రం చేస్తాడు. రేకును దాని మీద ఆనించి, దించి, సంచి మీద కొట్టి, మళ్లీ ఆనించి చూసుకోవాలి. ఒక్క ఫెండరుకు రెండు మూడు వందల సార్లు. వంపు సరిగా ఉందా లేదా అన్నది కంటికి చివరలో తెలుస్తుంది, చేతికి ముందే తెలుస్తుంది. అరచేతికీ రేకుకూ మధ్య పల్చటి గుడ్డ పెట్టి నిమరాలి. ఒట్టి చేత్తో నిమిరితే చెమటకు చెయ్యి ఆగిపోతుంది, ఎత్తుపల్లం అర్థం కాదు. నేను ఎమ్మిగనూరు మగ్గం తువ్వాలు వాడేవాణ్ని, బాగా ఉతికి పాతబడింది. మైక్రోఫైబర్ గుడ్డలు కొనుక్కుని వచ్చే పిల్లలకు నేనేమీ అనను. అవి కారు తుడవడానికి బాగుంటాయి.

నాలుగు కాటాలు

వాణి మేడమ్‌ది మంత్రాలయం. వాళ్ల నాన్న అక్కడ సంస్కృతం చెప్పేవారు. ఆమె మెకానికల్ చదివి, మా షెడ్డులో బరువు మీద యుద్ధం చేసేది. ఈ కార్లలో వేగమంటే ఇంజిను ఒక్కటే కాదు, బండి తేలిక కూడా. బరువు ఎక్కువైతే పరుగు తగ్గుతుంది, బ్రేకు ఆలస్యమవుతుంది, మలుపులో బండి ఒక పక్కకు లాగుతుంది. నేను వచ్చిన కొత్తలో లారీ అలవాటు కొద్దీ మందం రేకు అడిగాను. ఆమె నా చేతికి ఒక మిల్లీమీటరు రేకు ఇచ్చింది.

"ఇది తగరం డబ్బా లెక్క ఉంది గదమ్మా," అన్నాను.

"అవును చాచా. డబ్బాలోనే కూర్చుంటారు. కానీ దాని వంపు వల్ల నిలబడాల. మందం వల్ల కాదు."

షెడ్డులో ప్రతి వస్తువూ తూకం వేసి, లోపలి వైపు పెన్నుతో బరువు రాసేది. బోల్టులు కూడా. బండి పూర్తయ్యాక నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి, ఏ మూల ఎంత మోస్తోందో చూసేది. నేను మొదట నవ్వుకున్నాను. మూడో కారుతో నవ్వు ఆగిపోయింది.

పుట్టీ

ముప్పై ఏళ్లు గుద్దుకున్న బండ్లు బాగు చేసినవాడికి పుట్టీ అంటే ఉప్పు లాంటిది. సొట్ట సగం లేపు, మిగిలింది పుట్టీతో నింపు, రుద్దు, రంగు కొట్టు. బస్సు బయల్దేరాలి, ఓనరు బయట నిలబడి ఉంటాడు. ఆదోనిలో రేకు పని చేసినవాళ్లలో ఇలా చేయనివాడు ఉంటే నాకు చూపించండి. మా నాన్న మాత్రం చేయలేదు. పీరు రేకు చిరిగితే అతుకు వేయడు, కరగబోసి మళ్లీ కొడతాడు. కానీ ఆయన లారీలు బాగు చేయలేదు కదా అని నేను సర్దిచెప్పుకునేవాణ్ని.

మూడో కారు ఎడమ ముందు ఫెండరు నేను చేసినవాటిలో బాగా వచ్చిందని అనుకున్నాను. తూకం వేశారు, లోపల బరువు రాశారు, బిగించారు. ఆ తర్వాత పైపూత కొట్టి ట్యూబులైట్ల కింద చూస్తే, లైటు గీత ఫెండరు మీద నడుస్తూ ఒక చోట వంకర తిరిగింది. చక్రం పైభాగాన రేకును ఎక్కువ సాగదీశాను. అరచెయ్యంత వెడల్పున మొదలై తలుపు దాకా పల్లం పడింది.

బెంగళూరు నుంచి కారు కొన్న ఆయన వారం రోజుల్లో చూడటానికి వస్తున్నాడు. కొత్త ఫెండరుకు పదకొండు రోజులు. మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయినప్పుడు నేను పుట్టీ కలిపాను. రెండు మిల్లీమీటర్లు చాలనుకున్నాను. పల్లం అంచులు కలవడానికి ఇంకా పెట్టాల్సి వచ్చింది, ఇంకా పెట్టాను. రుద్ది, మళ్లీ పైపూత కొట్టాను. లైటు గీత తిన్నగా నడిచింది. చాలా బాగా చేశానని నాకు సంతోషంగా కూడా ఉండింది.

సోమవారం కాటాలు పెట్టారు. వాణి మేడమ్ చూసి, కాటా మార్చి మళ్లీ చూసి, "ఎడమ ముందు మూల లెక్క కంటే మూడు కిలోల ఆరు వందలు ఎక్కువుంది," అంది.

నేను తువ్వాలు మడత పెట్టుకున్నాను.

ఈరన్న

ఈరన్న ఎమ్మిగనూరులో ట్రాక్టరు ట్రైలర్లు వెల్డింగు చేసేవాడు. చదువు ఐదో తరగతి. మా దగ్గరకు వచ్చాక ఆర్గాన్ వెల్డింగు నేర్చుకున్నాడు. పల్చటి గొట్టాల మీద ఆ పని చేయాలంటే ఊపిరి కూడా లెక్కగా తీయాలి. మొదటి నెలలో గొట్టాలకు చిల్లులు పడ్డాయి. ఆరో నెలకు అతని అతుకులు చూడటానికి చిన్న సావుకారి పూణే స్నేహితుల్ని పిలుచుకొచ్చాడు. వరసగా పేర్చిన చిల్లర నాణేల్లా ఉండేవి. ఈరన్న వాళ్లు పోయాక ఆ అతుకును ఫోనుతో ఫోటో తీసి భార్యకు పంపేవాడు. ఆ మనిషికి ఆ పని అంటే అంత ఇష్టం. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేవాడు, ఒక్కరోజు ఆలస్యం కాలేదు.

మొదటి కారుకు అతను ఒక పని చేశాడు. ముందు చక్రాల దగ్గర చాసిస్ పెట్టెలా మూసుకుంటుంది. అక్కడ బలం చాలదేమోనని, ట్రైలరు అలవాటుతో లోపల అదనంగా ఒక ఇనుప ప్లేటు వేసి మూసేశాడు. కాటాల మీద దొరికింది. అడిగితే వెంటనే ఒప్పుకున్నాడు, అందరూ నవ్వేశారు. మూడో కారుకు చాసిస్ తూకం అయ్యాక ఎడమ పెట్టెను ఒకసారి తెరిచి ఒక బ్రాకెట్టు సరిచేసి మళ్లీ మూసింది అతనే. కాబట్టి రెండు రోజులు చక్రం, బ్రేకు, స్ప్రింగు అన్నీ విప్పి తూచాక, అందరి చూపూ ఆ పెట్టె మీద పడింది. ఫెండరు బరువు లోపల రాసి ఉంది, దాన్ని ఎవరూ అనుమానించలేదు.

బుధవారం పొద్దున చిన్న సావుకారి అడిగాడు. "ఈరన్నా, లోపల ప్లేటు ఏమన్నా పెట్టినావా?"

"లేదప్పా."

"మొదటి బండికి పెట్టినావు గదా. పెట్టింటే సెప్పు, ఏమనం."

"దానికి పెట్టినా, సెప్పినా. దీనికి పెట్టలే. పెట్టనిది పెట్టినానని ఎట్ల సెప్పేది?"

వాణి మేడమ్ తల దించుకుని, "కోసి చూస్తే గానీ తెలీదు అన్నా," అంది. ఆమెకు అది ఇష్టం లేదు. కానీ కాటా మీద అంకె అలాగే ఉంది.

ఇంకో వెల్డరును పిలుద్దామన్నాడు చిన్న సావుకారి. ఈరన్న ఒప్పుకోలేదు. "నేను మూసింది నేనే కోస్తా. ఇంకొకరు సెయ్యి పెట్టొద్దు," అని గ్రైండరు తీసుకుని, జాకీల మీద లేపిన బండి కిందికి పోయాడు. కింద చీకటిగా ఉంది, లైటు పట్టుకోవడానికి ఒకరు కావాలి. నేను పట్టుకున్నాను.

అతను మూడు వారాలు కష్టపడి వేసిన అతుకులు. నిప్పురవ్వలు నా చేతి మీద పడుతున్నాయి. నోరు తెరిస్తే ఒక్క మాట. ఫెండరు మీద ఉంది ఆ బరువు, నేనే పెట్టాను. నేను లైటు సరిగ్గా పట్టుకున్నాను. అంతవరకు మాత్రం ఆ రోజు నా పనిలో లోపం లేదు.

పెట్టె తెరుచుకుంది. వాణి మేడమ్ చెయ్యి లోపలికి పెట్టి చూసింది. శుభ్రంగా, ఖాళీగా ఉంది.

ఈరన్న బయటికి వచ్చి గ్రైండరు వైరు చుట్టి పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. అద్దాలు, తోలు గ్లౌజులు బల్ల మీద పెట్టి క్యారియరు తీసుకున్నాడు. చిన్న సావుకారి ఏదో అనబోతే, "నా మాట నమ్మని కాడ నా అతుకును ఎట్ల నమ్మతారప్పా? పోతాండా," అన్నాడు. గేటు దాకా ఎవరమూ పోలేదు. మర్నాడు వస్తాడులే అనుకున్నాం.

మర్నాడు

రాలేదు. ఆ పొద్దున నేను వాణి మేడమ్ దగ్గరికి పోయి చెప్పాను. ఆమె స్పానరు తెచ్చి ఫెండరు విప్పి కాటా మీద పెట్టింది. లోపల రాసిన దానికంటే మూడు కిలోల ఆరు వందలు ఎక్కువ. గ్రాము తేడా లేదు. అంత కచ్చితంగా నా బతుకులో ఏదీ లెక్క తేలలేదు.

"నిన్న ఎందుకు చెప్పలేదు చాచా?"

"బయపడినామ్మా."

ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. లేదు. యాభై దాటిన మనిషిని, మేస్త్రీని, పుట్టీ పెట్టి దొరికిపోయానని నలుగురికీ తెలుస్తుందని భయపడ్డాను.

చిన్న సావుకారి ఆ రోజే ఎమ్మిగనూరు పోయి జరిగింది చెప్పి క్షమించమని అడిగాడు. ఈరన్న ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చాడు, పనికి మాత్రం రానన్నాడు. నన్ను ఎవరూ తిట్టలేదు. తీసేయలేదు కూడా. తీసేసి ఉంటే కొంత తేలిగ్గా ఉండేది. పదకొండు రోజులు కూర్చుని కొత్త ఫెండరు కొట్టాను, బెంగళూరు ఆయన అంతవరకు ఆగాడు. నాలుగో కారు నుంచి చాసిస్ అతుకులు వేరే ఊరివాళ్లు వేశారు. బలంగానే ఉండేవి. వాటిని చూడటానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఈ పనికి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇది: పల్లం పడితే ఆ గంటలోనే చెప్పండి. మహా అయితే తిడతారు. రేకు మళ్లీ దొరుకుతుంది. సాయంత్రం దాకా ఆగితే చెప్పడం రెండింతలు కష్టమవుతుంది, రెండు రోజులు ఆగితే ఇంకొకరి చేతికి గ్రైండరు వస్తుంది. మందు లేని జబ్బేమీ కాదు ఇది, నోరు తెరిస్తే చాలు. నాకు చేతకాలేదు.

ఎమ్మిగనూరు

ఈరన్న దగ్గరికి పోవాలని ఎనిమిదేళ్లు అనుకున్నాను. ఆదోని నుంచి ముక్కాలు గంట బస్సు ప్రయాణం. ఏ పనీ లేని మనిషినయ్యాక, వంక చెప్పడానికి ఏదీ మిగలక, ఈ ఏడాది పోయాను.

రోడ్డు పక్కన అతని కొట్టు. సి.బెళగల్ నుంచి వచ్చిన ట్రైలరు ఒకటి బోర్లా పడేసి ఉంది, ఈరన్న దాని ఇరుసు దగ్గర కూర్చుని ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి లేచాడు.

"రా ఖాజా బాయ్. భుజానికి ఏమైంది?"

"పైకి లేయకుండా పోయింది. పని మానేసినా."

స్టూలు వేశాడు. టీ తెప్పించాడు. నేను ఇంట్లో అనుకుని వచ్చిన మాటలన్నీ వరసగా చెప్పాను. పుట్టీ నాదని, రెండు రోజులు నోరు మూసుకున్నానని, నా వల్ల అతని పని పోయిందని. అతను ఇనుప ముక్క మీద వేలితో గీతలు గీస్తూ విన్నాడు.

"ఆ పని మల్ల దొరకలే బాయ్," అన్నాడు. "ఈడ అంతా లావు ఇనుము. కండ్లు మూసుకోని అతికిస్తా. అప్పుడప్పుడు కలలో ఆ సన్న గొట్టాలు వస్తాయి." తర్వాత, "పుట్టీ సంగతి నాకు సోమవారమే తెల్సు," అన్నాడు.

"ఎట్ల తెల్సు?"

"ఫెండరు మీద సెయ్యి పెట్టినా. పొద్దున పూట రేకు సల్లగా ఉంటాది. నీది ఒక కాడ సల్లగా లే."

"మరి ఎందుకు సెప్పలే ఈరన్నా? ఒక్క మాట అనింటే నీ పెట్టె కోసేవాళ్లు కాదు గదా!"

"మేస్త్రీవి నువ్వు. నేను సెప్తే ఏం బాగుంటాది? నువ్వే సెప్తావని సూసినా." టీ గ్లాసు కింద పెట్టాడు. "కోసేటప్పుడు పక్కనే లైటు పట్టుకోని ఉండావే, అప్పుడన్నా సెప్తావనుకున్నా. అందుకే నిదానంగా కోసినా."

ఆ పెట్టె కోయడానికి పది నిమిషాలు చాలు. ఆ రోజు ముక్కాలు గంట పట్టింది. బ్లేడు అరిగిపోయిందేమోనని అనుకున్నాను నేను.